ఇంటర్వెల్ తర్వాత మాయమైన వ్యాను

వ్యాను ఉండాల్సిన చోట నీళ్ల మడుగు మాత్రమే ఉంది.

అక్క వంగి, ఆ నీళ్లను వేలితో తాకి చూసింది. చల్లగా ఉన్నాయి. ఫ్రీజరు పెట్టె అడుగునుంచి కారే నీళ్లు. ఇంకా ఆరలేదంటే వ్యాను పోయి ఎంతోసేపు కాలేదు.

"ఇంజను ఆన్‌లోనే ఉందా?" అంది.

"ఉంది," అన్నాడు తమ్ముడు.

"తాళం?"

"ఇంజను ఆన్‌లో ఉంటే తాళం ఎక్కడుంటుందక్కా, దానికే ఉంటుంది."

"తలుపు లాక్ చేశావా?"

తమ్ముడు నేల చూపులు చూశాడు.

"మరి పెట్టెలో?"

"పెట్టెలో ఆయనున్నాడు."

అక్క నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచింది. నిన్నటినుంచి కన్ను మూతపడలేదు. కేకలెయ్యడానికి కూడా ఓపిక కావాలి. అది లేదు.

శవాలను తీసుకెళ్లే వ్యానుకి ఇంజను ఆపితే ఫ్రీజరు ఆగుతుంది. అందుకే లోపల మనిషి ఉన్నంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది, తాళం దానికే వేలాడుతూ ఉంటుంది. తలుపులు లాక్ చేసే అలవాటు ఈ పనిలో ఎవరికీ లేదు. బంగారు గొలుసు తెంపేవాడు కూడా ఈ వ్యాను పక్కన నిలబడాల్సొస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఇన్నేళ్లలో ఎవరైనా ఎత్తుకుపోతారన్న ఊహే ఆమెకు రాలేదు. ఊళ్లో అందరూ ఆమెను వ్యాన్ అక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. ఉన్నది ఒక్క వ్యాను, ఒక్క తమ్ముడు. ఈ మధ్యాహ్నం ఒకటి పోయింది. సాయంత్రానికి రెండోది కూడా పోయేలా ఉంది.

"ఒరేయ్, హాస్పిటల్ నుంచి ఇంటికి పది వీధులు కూడా లేవు. సినిమా థియేటర్ దగ్గర ఎందుకాపావు?"

"ఇంటినుంచి ఫోనొచ్చిందక్కా. చుట్టాలింకా రాలేదు, కాసేపాగి రమ్మన్నారు. ఎండలో ఎందుకని ఈ షెడ్డులో పెట్టాను."

"పెట్టి?"

"ఇంటర్వెల్ అయింది. గేటు దగ్గర మనవాడే ఉన్నాడు. సగం సినిమాయే కదా అని..."

"చూసిన సినిమాయే కదరా."

"చూసిందే."

"ఎన్నిసార్లు?"

తమ్ముడు లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదిపాడు. అక్క చెయ్యెత్తి ఆపేసింది.

ఊరంతా ఆ సినిమాకే వెళుతోంది. ముగ్గురు చిల్లర దొంగలు రొయ్యల బండి అనుకుని ఒక వ్యాను ఎత్తుకెళతారు. తీరా తలుపు తీస్తే లోపల ఒక వడ్డీ వ్యాపారి శవం. వెనక్కి ఇచ్చేద్దామంటే ఇంట్లోవాళ్లు తీసుకోరు. ఇంతే కథ. జనం కన్నీళ్లొచ్చేలా నవ్వుతున్నారట. తమ్ముడు రమ్మని చాలాసార్లు బతిమాలాడు. "రోజూ చేసేదే, మళ్లీ టికెట్ కొనుక్కుని చూడాలా?" అని ఆమె పోలేదు.

షెడ్డులో బళ్లు పెట్టించే ముసలాయన మెడలో విజిల్ వేలాడేసుకుని దగ్గరకొచ్చాడు. అందరూ అతన్ని విజిల్ అనే పిలుస్తారు.

"మీ వ్యాను వెళ్లడం నేను చూశానమ్మా," అన్నాడు. "మీవాడే అనుకున్నాను. ఖాకీ చొక్కా వేసుకున్నాడు."

"మా వాడికి ఖాకీ చొక్కా ఉందా?"

"మొహం కనపడలేదమ్మా. చెయ్యి ఒక్కటే చూశాను. కిటికీలోంచి చెయ్యి మొత్తం బయటికి చాపి, కుడివైపు తిరుగుతున్నానని చూపించి, అప్పుడు తిప్పాడు. ఇక్కడ ఇన్నేళ్లనుంచి విజిల్ ఊదుతున్నాను, చెయ్యి చూపించి తిప్పినవాణ్ణి ఇవాళే చూశాను. ఆ రెండు స్తంభాల మధ్యనుంచి రివర్సు ఒక్క దెబ్బకి తీశాడు."

అక్క ఆ స్తంభాల వైపు చూసింది. రెంటికీ తమ్ముడు చేసిన గీతలు ఉన్నాయి.

ఖాకీ చొక్కా అనగానే ఆమెకు ముందు తోచింది అవతలి వీధిలోని ఫ్రీజరు బాక్సుల షావుకారు. వాళ్ల డ్రైవర్లందరిదీ ఖాకీయే. ఫోన్ చేసింది.

"నా వ్యానేమైనా మీవాళ్ల దగ్గరుందా అన్నా?"

"నా వ్యాన్లే బేరాల్లేక ఈగలు తోలుకుంటున్నాయి తల్లీ. నీ శవాన్ని ఎత్తుకొచ్చి నేనేం చేసుకోను? షాపులో కూచోబెట్టుకోనా?"

అతను అబద్ధం చెబితే గొంతు మెత్తబడుతుంది. ఇప్పుడు మెత్తబడలేదు. అక్క ఫోన్ పెట్టేసింది.

అప్పటికే కబురంది, పోలీసు జీపు, దాని వెనకే తెల్లకారు షెడ్డులోకి వచ్చాయి. జీపులోంచి ఎస్సై దిగాడు. కారులోంచి దిగింది పోయినాయన పెద్దకొడుకు. కాంట్రాక్టరు. పొద్దున హాస్పిటల్లో రెండు ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకుని పూలబండి, బ్యాండు, టెంటు అన్నీ ఒక్కడే మాట్లాడుతూ కనిపించాడు. పక్కన తల్లి ఏదో చెప్పబోతే "ఆ మాట ఇంక ఎత్తొద్దమ్మా, జనం ఏమనుకుంటారు?" అని కసురుకున్నాడు. ఏ మాటో అక్క పట్టించుకోలేదు. ఏడుపులో ఉన్నవాళ్లు ఒకళ్లనొకళ్లు కసురుకోవడం ఆమెకు కొత్త కాదు.

"ఎక్కడ మా నాన్న?" అన్నాడు కాంట్రాక్టరు.

అక్క నీళ్ల మడుగు వైపు చూపించింది.

"మీ దిక్కుమాలిన వ్యాను వద్దని ముందే మొత్తుకున్నాను. అద్దాల బండి మాట్లాడాను. మా నాన్నే పట్టుబట్టాడు. నేను పోతే ఈ వ్యానే పిలవాలి, ఈ కుర్రాడే రావాలి అని మాట తీసుకున్నాడు. ఇదిగో, ఇందుకు." తమ్ముడి వైపు తిరిగాడు. "ఎంతకి అమ్మావురా?"

"ఏంటి సార్ అమ్మేది?"

"శవాల్ని కూడా అమ్ముకునే రోజులివి. నాకు తెలీదనుకున్నావా?"

"మాట జాగ్రత్త బాబూ," అంది అక్క. కోపంగా అనాలనుకుంది గానీ అలసటగా వచ్చింది.

ఎస్సై టోపీ తీసి తల తుడుచుకున్నాడు. "చూడమ్మా. ఆ సినిమా నేనూ చూశాను. మా ఇంటావిడ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. రేపు పేపర్లో నా ఫొటో వేసి ఊరంతా నవ్వుతారు. అది నాకిష్టం లేదు. మీవాడి మీద ఇదివరకే ఒక కేసుంది కదా?"

"అది యాక్సిడెంట్ కేసు సార్. కుక్క అడ్డమొస్తే..."

"ఏదైతేనేం, కేసు కేసే. మ్యాట్నీ వదిలేలోపు ఆయన ఇంటికి చేరాలి. లేదంటే దొంగ అన్నచోట నీ తమ్ముడి పేరు రాసుకుంటాను. నాకు ఎవరిదో ఒకరిది పేరు కావాలి."

"మీ అమ్మగారికి తెలుసా బాబూ?" అని అడిగింది అక్క కాంట్రాక్టరుని.

"ఆవిడకు బీపీ. గది తలుపేసుకుని పడుకుంది. ఎవరూ తనను లేపొద్దంది. ఈ విషయం వింటే ఇవాళ రెండో శవం లేస్తుంది."

తమ్ముణ్ణి జీపు వెనక సీట్లో కూర్చోబెట్టారు. వాడు జేబులు తడుముకుని తెల్లబోయాడు.

"అక్కా, నా ఫోన్ సీట్లో పడిపోయింది. కింద, మధ్య వరసలో, నడవ పక్కది. అందులో ఫోనొచ్చిన నంబరుంటుంది. నేను అబద్ధం చెప్పట్లేదని సార్‌కి చూపించొచ్చు."

మ్యాట్నీ అప్పటికే మొదలైంది. గేటు దగ్గర కుర్రాడు అక్కను చూసి టికెట్ అడగలేదు, తలుపు తీశాడు. లోపల చీకటి, చల్లదనం, నిండా జనం. తమ్ముడి సీట్లో ఎవరో లావాటి మనిషి కూర్చున్నాడు. అక్క మోకాళ్ల మీద కూలబడి, సెల్లు లైటు వేసి సీటు కింద చెయ్యి పెట్టింది. జిగురు, పాప్‌కార్న్, ఎవరిదో చెప్పు.

"ఏంటమ్మా వెతుకుతున్నారు?" అన్నాడు ఆ మనిషి, తెరమీంచి చూపు తిప్పకుండా.

"ఫోన్ బాబూ. కాలెత్తు."

కాలెత్తాడు. ఫోన్ దొరికింది. లేవబోతే మోకాలు పట్టేసింది. నడవ మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. ఎదురుగా తెర.

తెరమీద ముగ్గురు దొంగలు వ్యానులో ఇరుక్కుని ఉన్నారు. ముందు చెక్‌పోస్టు. పోలీసు టార్చి పట్టుకుని వచ్చాడు. వ్యాను ఏమిటో చూశాడు. వెంటనే టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "పోయినాయన మీకేమవుతారు?" అని మర్యాదగా అడిగాడు.

ముగ్గురిలో చిన్నవాడు వణుకుతూ, "ఇంకా ఏమీ అవలేదండీ," అన్నాడు.

హాలు గొల్లుమంది. అక్క గొంతులోంచి కూడా ఒక చప్పుడు బయటికొచ్చింది. తను నవ్వుతోందని ఆమెకు కాసేపు తెలియలేదు. రోజూ ఎవరో ఒకరు ఆమెను అడిగే ప్రశ్న అదే. మీకేమవుతారు? ఏమీ అవరు. ఎవరూ ఏమీ అవరు. అయినా అందరి తలల వైపూ తనే పట్టుకుంటుంది, అందరి కళ్లూ తనే మూస్తుంది. ఆ మాట బయటికి అనడానికి ఎక్కడా చోటుండదు. ఇక్కడ ముగ్గురు వెధవలు అనేశారు, ఊరంతా చప్పట్లు కొడుతోంది.

తర్వాత దొంగలు ఆ వ్యాను ఎక్కడ దాచాలో తెలియక, తెచ్చిన హాస్పిటల్‌కే తీసుకెళ్లి వెనక దొడ్లో మిగతా శవాల వ్యాన్ల మధ్య పెట్టేశారు. ఊరంతా వెతుకుతున్నారు గానీ అక్కడ ఎవరూ చూడలేదు. ఆఖరికి తమది ఏదో వాళ్లకే తెలియలేదు. ఒక్కొక్క తలుపూ తీసి, లోపలున్నవాళ్లకు "సారీ అండీ" అని చెప్పి, మళ్లీ మెల్లగా మూస్తున్నారు.

అక్క కళ్లు తుడుచుకుని బయటికి వచ్చింది. వెలుతురులో తమ్ముడి ఫోన్ చూసింది. ఆఖరుగా వచ్చిన ఫోన్ పక్కన ఉన్న పేరు రెండుసార్లు చదివింది.

జీపు దగ్గరకెళ్లి కిటికీలోకి వంగింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఒరేయ్, బ్రేక్ సార్ అంటే ఎవరు?"

తమ్ముడు మింగలేక కక్కలేక చూశాడు. "ఆయనే అక్కా. వ్యానులో ఉన్నాయన."

"చచ్చిపోయినాయన ఫోన్ చేశాడా నీకు?"

"ఆయన ఫోన్‌లోంచి ఎవరో ఆడమనిషి మాట్లాడింది. నీడలో ఆపుకో బాబూ, థియేటర్ షెడ్డులో నీడ ఉంటుంది అంది. ఇంట్లోవాళ్లెవరో అనుకున్నాను. ఈ మాట చెబితే ఎస్సై నన్ను పిచ్చోడంటాడని..."

"ఆయన నీకెలా తెలుసు?"

"ఈ సినిమాకే వచ్చేవారు. నా పక్క సీటే. రిటైరైన బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు. ఊపిరితిత్తులు పోయాయి. ఇంటర్వెల్ తర్వాత దగ్గొచ్చి కూర్చోలేకపోయేవారు, వెళ్లిపోయేవారు. నేను ఆఖరిదాకా చూసి, మళ్లీ కలిసినప్పుడు మిగతా కథ చెప్పేవాణ్ణి. భలే నవ్వేవారక్కా. ప్రశ్నలు కూడా అడిగేవారు."

"ఏం ప్రశ్నలు?"

"సినిమా చూసేప్పుడు బండి ఎక్కడ పెడతావ్? ఇంజను ఆపుతావా? తాళం తీస్తావా? ఇంటర్వెల్ తర్వాత ఎప్పుడైనా మధ్యలో లేచి వెళతావా? అని. బ్రేక్ ఇన్‌స్పెక్టరు కదా, అలవాటు పోలేదనుకున్నాను."

అక్క జీపు తలుపు పట్టుకుని నిలబడింది.

ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆమెకు తెలుసు. పొద్దున ఫ్రీజరు మూత వేస్తున్నప్పుడే గుర్తుపట్టింది. లైసెన్సు పరీక్షలో ఆమెను రెండుసార్లు ఫెయిల్ చేసిన మనిషి. ఒకసారి గేరు వైపు చూసిందని, ఒకసారి అద్దం వైపు చూడలేదని. డ్రైవింగ్ స్కూలు నడిపేది ఆయన భార్యే. అందరూ స్టీరింగ్ టీచరమ్మ అనేవారు. భార్య నేర్పిస్తుంది, భర్త ఫెయిల్ చేస్తాడు, మళ్లీ భార్య దగ్గరికే పంపిస్తాడు అని ఊళ్లో హాస్యమాడుకునేవారు. ఆ టీచరమ్మ దగ్గరే అక్క స్టీరింగ్ పట్టుకోవడం నేర్చుకుంది. ఇండికేటర్ ఉన్నా సరే, చెయ్యి బయట పెట్టందే బండి తిప్పనిచ్చేది కాదు. "లైటు అబద్ధం చెప్పొచ్చు, చెయ్యి చెప్పదు" అనేది.

అక్క షెడ్డులోకి గబగబా నడిచింది.

"విజిల్ బాబాయ్, ఆ చెయ్యి ఎలా పెట్టాడో ఒకసారి చూపించు."

ముసలాయన చెయ్యి చాచాడు. మోచెయ్యి వంచలేదు. వేళ్లన్నీ కలిపి, అరచెయ్యి ముందుకు తిప్పి, భుజానికి సమంగా పెట్టాడు.

ఆ చెయ్యి కిందికి వాలితే స్కేలుతో ఒక్కటి తగిలేది. అక్క మణికట్టుకు ఆ సంగతి ఇంకా గుర్తుంది.

స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే ఎస్సై అడ్డమొచ్చాడు. "ఎక్కడికమ్మా?"

"వెతకని చోటు ఒకటే మిగిలింది సార్. సినిమా వదల్లేదు కదా ఇంకా."

హాస్పిటల్ వెనక గేటు మెడికల్ కాలేజీ దొడ్లోకి ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్లు, విరిగిన మంచాలు, వరసగా శవాల వ్యాన్లు. కాపలావాడు అక్కను చూసి చెయ్యి ఊపాడు. ఆమె ఇక్కడికి రావడం వాడికి రోజూ చూసే సంగతే.

తన వ్యాన్ను వెతుక్కోవాల్సిన పని పడలేదు. మిగతావన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం రెండు గీతల మధ్య కొలిచినట్టు నిలబడి ఉంది, చక్రాలు నిటారుగా పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి. ఇంజను ఆపి ఉంది. అది చూశాక ఆమెకు లోపల చూడకుండానే అర్థమైంది. అయినా వెనక తలుపు తీసింది. పెట్టె ఖాళీ.

కాలేజీ వరండాలో బెంచీ మీద టీచరమ్మ కూర్చుని ఉంది. ఒంటిమీద భర్త ఖాకీ చొక్కా. చేతులు పొడవై వేళ్లను కప్పేస్తున్నాయి. పక్కన ఆయన ఫోనూ, కళ్లజోడూ.

"వచ్చావా?" అంది. "నీ ముందు చక్రంలో గాలి తక్కువగా ఉంది. అలా నడిపితే టైరు తొందరగా పోతుంది."

అక్క ఆమె పక్కన కూలబడింది.

"ఏంటి టీచరుగారూ ఇది?" అంది.

"సంతకం పెట్టేశాను. లోపలికి తీసుకెళ్లారు. ఇంక మావాడు వచ్చినా ఇవ్వరు." టీచరమ్మ చొక్కా చేతులు మడుచుకోబోయి వదిలేసింది. "నా శరీరం పిల్లలు చదువుకోడానికి ఇచ్చెయ్యండి అని ఆయన ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మావాడు ఒప్పుకోలేదు. కాంట్రాక్టరు గారి నాన్నను కోసి ముక్కలు చేశారంటే పరువు పోతుందట. నేను ఎదిరించలేనమ్మాయ్. ఆ ఇంట్లో మాటల్లో నేను ఎప్పుడూ గెలవలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు."

"అందుకని?"

"నీకు మాట్లాడటం రాదు గానీ నడపడం వచ్చు కదా అన్నారు."

అక్క తల పట్టుకుంది.

"సినిమాకు వెళ్లొచ్చి, అన్నం తింటూ ఆ ముచ్చటే. దొంగలు ఇలా తీశారు, అలా దాచారు, పోలీసు ఎలా టోపీ తీశాడు... తినడం మానేసి నవ్వేవారు. దగ్గొచ్చేది, మళ్లీ నవ్వేవారు. చావు బతుకుల్లో ఉండి శవాల సినిమాకు ఏంటండీ ఆ పిచ్చి అని ఒకరోజు గట్టిగానే అడిగాను. ఏమన్నారో తెలుసా? ఈ ఇంట్లో నా మొహం చూస్తే అందరూ ఏడుపు మొహాలు పెడతారు, అక్కడ శవాన్ని చూసి కూడా ఎవరూ పెట్టరు, నాకు తేలిగ్గా ఉంటుందే అన్నారు. తర్వాత కొన్నాళ్లకు నవ్వడం ఆపి, ఆలోచించడం మొదలుపెట్టారు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ఒసే, దొరికింది అన్నారు."

"ఏం దొరికింది?"

"మీ తమ్ముడు."

అక్క చప్పున ఆమె వైపు తిరిగింది.

"ఆ కుర్రాడు ఇంటర్వెల్ తర్వాత లేవడు, తాళం తీయడు, వాడి వ్యానే పిలిపించుకోవాలి అన్నారు. నా చేత రివర్సు ప్రాక్టీసు కూడా చేయించారు తెలుసా, మా షెడ్డులో, రెండు కుర్చీలు అటూ ఇటూ పెట్టి. మొదటిసారి కుర్చీ తగిలింది. ఫెయిల్ అన్నారు." టీచరమ్మ నవ్వబోయింది, అది సగంలో ఆగి మరోలా మారింది. ఖాకీ చేతితో మొహం తుడుచుకుంది.

"ఇంట్లో మీరు పడుకున్నారనుకుంటున్నారు."

"దిళ్లు పడుకున్నాయి. అది కూడా సినిమాలోదేనట."

అక్కకు నవ్వు రాలేదు. అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. "మావాడు జీపులో ఉన్నాడు టీచరుగారూ. మ్యాట్నీ వదలగానే వాడి పేరు రాసుకుంటారు. ఇదివరకే ఒక కేసుంది. ఈసారి వాణ్ణి వదలరు. మీరు ఇద్దరూ కలిసి అన్నీ ఆలోచించారు, వాడొక్కడి సంగతి తప్ప."

టీచరమ్మ మొహం పాలిపోయింది. అది నిజమేనని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది. సినిమాలో డ్రైవరు పాత్ర లేదు. ఉంటే ఆయన గుర్తు చేసేవారేమో.

"నా పేరు చెప్పు," అంది.

"చెబితే?"

"చెబితే ఏముంది. రేపటినుంచి నా కొడుకు ఇంట్లో, వాడి ఎదురుగా, వాడు పెట్టింది తిని బతకాలి. బతుకుతాను. తండ్రిని దొంగతనంగా ఎత్తుకెళ్లిన తల్లి అని రోజూ గుర్తుచేస్తాడు. చెయ్యనీ." ఆయన కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకుంది. "నువ్వు ఫోన్ చెయ్యి. జీపులో ఉన్నవాడు నీ తమ్ముడు."

అక్క ఫోన్ తీసి చేతిలో పట్టుకుని కూర్చుంది. పెంచిన తమ్ముడు ఒకవైపు. ఈ చొక్కాలో వణుకుతున్న ముసలావిడ మరోవైపు. ఎవరో ఒకరి పేరు చెప్పాలి. ఎస్సైకి కావాల్సింది అంతే. చెప్పి ఇంటికెళ్లి పడుకోవాలి. పడుకోవడం తప్ప ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ఫోన్ చేసింది. "వ్యాను దొరికింది సార్. మెడికల్ కాలేజీ వెనక గేటుకు రండి. అందర్నీ తీసుకురండి."

జీపు, తెల్లకారు కాసేపటికే వచ్చాయి. కాంట్రాక్టరు కారు పూర్తిగా ఆగకముందే దిగి, వ్యాను తలుపు లాగి, ఖాళీ పెట్టె చూశాడు. వరండా వైపు చూశాడు. తల్లిని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది. ముందు ఆ చొక్కాను గుర్తుపట్టాడు.

"అమ్మా, నువ్విక్కడ..."

"ఆవిడను నేనే పిలిపించాను, కూర్చోనివ్వండి," అంది అక్క. లేచి వాళ్లిద్దరి మధ్యా నిలబడింది. "మీ నాన్నగారిని లోపల అప్పగించేశారు. సంతకాలయిపోయాయి. ఆయన కోరింది ఇదేనట కదా."

"ఎవరు అప్పగించారు? ఎవరి అనుమతితో?" కాంట్రాక్టరు గొంతు పగిలింది. ఆ పగులులో పరువు కాకుండా ఇంకేదో వినపడింది. "మా నాన్నను నాకు చూపించకుండా ఎవడు తీసుకెళ్లాడు?"

జీపులోంచి తమ్ముడు తొంగిచూస్తున్నాడు. ఎస్సై జేబులోంచి పెన్ను తీశాడు.

"నీ వ్యాను నీకు దొరికింది. దాని మీద కంప్లయింటు ఇస్తావా?"

"ఇవ్వను సార్. నడిపినవాళ్లు నాకంటే బాగా నడిపారు."

"సరే, అది పక్కన పెడదాం. కానీ ఈయన నన్ను ఊరికే వదలడు. ఇది ఎవరు చేశారు? ఎవరి పథకం? నాకు పేరు కావాలమ్మా, చెప్పాను కదా."

టీచరమ్మ బెంచీ పట్టుకుని లేవబోయింది. అక్క వెనక్కి చెయ్యి చాచింది. మోచెయ్యి వంచకుండా, వేళ్లు కలిపి, ఆగమన్నట్టు. టీచరమ్మ ఆగింది.

"వ్యాను ఏది పిలవాలో చెప్పింది ఎవరు బాబూ?" అంది అక్క, ఎస్సైతో కాదు, కాంట్రాక్టరుతో. "డ్రైవరు ఎవరు రావాలో మీ దగ్గర మాట తీసుకుంది ఎవరు? ఇంజను ఆపుతాడా, తాళం తీస్తాడా, ఇంటర్వెల్ తర్వాత బయటికొస్తాడా అని పక్కసీట్లో కూచుని మావాణ్ణి ఆరా తీసింది ఎవరు? నీడలో ఆపుకోమని ఫోనొచ్చింది ఎవరి నంబరు నుంచో చూస్తారా?"

తమ్ముడి ఫోన్ ఎస్సై చేతిలో పెట్టింది. ఎస్సై చూశాడు. పక్కకు తిరిగి కాంట్రాక్టరుకి చూపించాడు. కాంట్రాక్టరు ఆ నంబరు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ నంబరు అతనికి నోటికొచ్చు.

"రాసుకోండి సార్," అంది అక్క అలసటగా. "బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు. ఈ బాబు నాన్నగారు. ఆయన్ని ఎత్తుకెళ్లింది ఆయనే."